పదకొండో గీత

నాలుగింటికి కాగితాన్ని నీళ్ళలో ముంచాను, ఐదింటికి తీయాలి. ఈ గంటసేపూ చేయడానికేమీ ఉండదు సార్, ఊరికే కూర్చోండి అంది టీచర్. ఊరికే కూర్చోవడం నాకు చేతనైన పనే, ఆరు నెలలుగా అందులో బాగా చెయ్యి తిరిగింది. రేకు పళ్ళెంలో కాగితం అడుగుకి పోయి పడుకుంది, మొదట నాలుగు బుడగలు వచ్చాయి, తర్వాత అవీ మానేశాయి. నూలుతో చేసిన దళసరి కాగితమట, గంట నానితే గానీ మెత్తబడదట, మెత్తబడితే గానీ పలక మీది గుంటల్లోకి దిగి అక్కడి ఇంకుని పైకి తేదట. కిటికీ పక్కన ఎత్తు స్టూలు మీద కూర్చుని చూస్తున్నాను. పొడవాటి బల్లలు, వాటి మీద ఎవరెవరో ఒలకబోసిన రంగులు ఎండి గట్టిపడ్డ మరకలు, మూల సింకు, తీగ మీద క్లిప్పులు పెట్టి ఆరేసిన వేరేవాళ్ళ అచ్చులు, గది మధ్యలో ప్రెస్సు. ఈ గదిలో నాకు అర్థమైనది ఆ ప్రెస్సు ఒక్కటే. రెండు రోలర్లు, వాటి మధ్య జారే ఇనప పలక, పక్కన ఓడ చుక్కానంత చక్రం. మొదటి రోజే గేరు దగ్గర కిర్రుమంటోందని విని, సంచీలోంచి గ్రీజు డబ్బా తీసి రాశాను. మీరేం చేస్తుంటారు సార్ అని అడిగింది టీచర్. లిఫ్టులు బాగుచేస్తానమ్మా అన్నాను. అప్పటినుంచి పక్క బల్ల మీది పళ్ళ డాక్టరు నన్ను లిఫ్టు గారూ అని పిలుస్తున్నాడు, నాకు అంతకంటే మంచి పేరేమీ లేదు కాబట్టి పలుకుతున్నాను.

ఇక్కడికి పంపింది మా ఆవిడ. ఒక రోజు ఒక కరపత్రం తెచ్చి నా కాఫీ కప్పు కింద పెట్టింది, మిక్స్‌డ్ మీడియా ప్రింట్ మేకింగ్, పెద్దవాళ్ళకు, ఏమీ రానివాళ్ళకు అని ఉంది. "ఏమీ రానివాళ్ళకట. మిమ్మల్ని చూసే రాసినట్టున్నారు," అంది. నవ్వించాలని అంది, నేనూ నవ్వాను, అది నవ్వు కాదని ఇద్దరికీ తెలిసింది. అక్క పోయిన రోజు నుంచీ ఇంతే. ఆసుపత్రిలో వాళ్ళు చెప్పగానే ఫారం మీద సంతకం పెట్టాను, తేదీ కూడా తప్పు లేకుండా వేశాను, కిందికి దిగుతూ లిఫ్టు తలుపు రెండు సెకన్లు ఆలస్యంగా మూసుకుంటోందని గమనించి కౌంటర్లో చెప్పాను, సెన్సరు ఒకసారి తుడిపించండి అన్నాను. కౌంటర్లో అమ్మాయి థాంక్స్ చెప్పింది. బయట ఎండ ఉంది. ఏడుపు వస్తుందేమోనని కారులో కాసేపు ఆగాను, రాలేదు, సాయంత్రం వస్తుందేమోననుకున్నాను, తర్వాత చూడటం మానేశాను. ఇప్పటికీ చేత్తో కప్పు పట్టుకుంటే వేడి తెలుస్తుంది గానీ అది నా చెయ్యి అన్న సంగతి కాస్త ఆలస్యంగా తెలుస్తుంది. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళతో మాట్లాడటానికి నాకొక గొంతు ఉంది, ముప్ఫై ఏళ్ళ సర్వీసులో తయారైంది, ఏం కాదండీ, నేనిక్కడే ఉన్నాను, ఐదు నిమిషాల్లో తీసేస్తాం. రెండు అంతస్తుల మధ్య చీకట్లో అరుస్తున్న మనిషి కూడా ఆ గొంతు వింటే తగ్గుతాడు. అక్క మంచం పక్కన కూడా నాకు ఆ గొంతే వచ్చింది. ఏం కాదక్కా, నేనిక్కడే ఉన్నాను. అక్క కళ్ళు తెరవకుండానే, "నా దగ్గర లిఫ్టు గొంతు తియ్యకురా," అంది. ఇంకే గొంతు తియ్యాలో తెలియక నోరు మూసుకున్నాను. ఆఖరి రెండు రోజులూ అక్కతో నేను ఏమీ మాట్లాడలేదు.

నాలుగూ పది. పళ్ళెంలో నీళ్ళు కదలడం లేదు. నా ముందు బల్ల మీద పలక ఉంది. పలకంటే రాతిదీ ఇనపదీ కాదు, మందపాటి అట్ట. దాని మీద ఏదైనా అతికించుకోవచ్చు, గుడ్డ, దారం, ఇసక కాగితం, ఆకు, మీ ఇష్టం అంది టీచర్, దేనికి ఎత్తుపల్లాలుంటే అది అచ్చవుతుంది. అతికించి, పైన వార్నిష్ పూసి ఆరబెట్టి, ఇంకు రుద్ది, పైపైన తుడిచేసి, తడి కాగితం పరిచి ప్రెస్సులో తిప్పాలి. పళ్ళ డాక్టరు తన పలక మీద ఉప్పు చల్లాడు, గాజుగుడ్డ అతికించాడు, పదవీ విరమణ చేసినా చేతులు ఊరుకోవు పాపం. నేను అక్క కాగితం అతికించాను. పుస్తకాలకు అట్టలేసే ఖాకీ కాగితం, నా చొక్కా కొలతకు అక్క కత్తిరించి పెట్టుకున్నది. చంక దగ్గర్నుంచి నడుము దాకా ఉన్న ముక్క. పైన కాలర్లలో పెట్టే గట్టి గుడ్డ కొంచెం, ఒక దారం, అవి ఉత్తినే, టీచర్ అడుగుతుందని. నాకు కావలసింది ఆ కాగితం మీది గీతలు.

అక్క నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. టైలరు. చెప్పుల కొట్టుకీ డూప్లికేట్ తాళాలు చేసే మనిషికీ మధ్య ఒక గది, ఒక మిషను, ఒక ఇస్త్రీ బల్ల. పెళ్ళెందుకు చేసుకోలేదక్కా అంటే కొలతలు కుదర్లేదురా అనేది, ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు, ఎన్నిసార్లు చెప్పినా తనే ముందు నవ్వేది. ఊహ తెలిసినప్పటి నుంచీ ముప్ఫై ఎనిమిదో ఏడు వచ్చేదాకా నా ఒంటి మీద అక్క కుట్టని చొక్కా పడలేదు. స్కూలుకి, పరీక్షలకి, మొదటి ఇంటర్వ్యూకి, పెళ్ళికి. చేతులెత్తరా అనేది, ఎత్తితే చంకల కిందినుంచి టేపు తిప్పేది, చక్కిలిగిలి పుట్టి మెలికలు తిరిగితే నెత్తి మీద ఒకటిచ్చేది. తర్వాత నన్ను సూపర్‌వైజరుని చేశారు. షాపులో ఒక చొక్కా చూశాను, అట్ట డబ్బాలో మడతపెట్టి, గుండుసూదులు గుచ్చి, కాలరు కింద ప్లాస్టిక్ పట్టీ పెట్టి ఉంది. దాన్ని కొనుక్కోవాలనిపించింది, అంతే, అదొక్కటే కారణం. కానీ అక్కతో అలా చెప్పలేదు. "ఇక నువ్వు కుట్టొద్దక్కా. ఆఫీసులో నీ కాలర్లు చూసి నవ్వుతున్నారు," అన్నాను. ఎవరూ నవ్వలేదు. నా కాలరు వంక చూసేంత తీరిక మా ఆఫీసులో ఎవరికీ లేదు. అక్క నోట్లో గుండుసూదులున్నాయి, ఒక్కొక్కటే తీసి దిండుకి గుచ్చింది, అన్నీ అయ్యాక, "సరేలేరా, నాకూ ఈ మధ్య పని ఎక్కువైంది," అంది. అప్పుడు నాకు హాయిగా అనిపించింది, గండం గడిచిందని.

ఆ తర్వాత పన్నెండేళ్ళు. వారానికోసారి వెళ్ళేవాణ్ణి, షాపు చొక్కాలు వేసుకునే వెళ్ళేవాణ్ణి. గుమ్మంలో అడుగు పెట్టగానే అక్క ఒకసారి పైనుంచి కిందికి చూసేది, లావయ్యావురా అనేది, లేకపోతే ఏమీ అనేది కాదు, టీ పెట్టేది. అది మామూలుగా అక్కలు చూసే చూపే అనుకున్నాను. గది ఖాళీ చేసేటప్పుడు మిషను సొరుగులో ఈ కాగితం దొరికింది. పైన పెన్సిలుతో బుడ్డోడు అని రాసి ఉంది, అది నేనే, యాభై ఏళ్ళొచ్చాయి, ఎనభై కిలోలున్నాను, అయినా బుడ్డోణ్ణే. పక్క కుట్టు దగ్గర గీతలున్నాయి, ఒకదాని పక్కన ఒకటి. పొరపాటున గీసి కొట్టేసినవి అనుకున్నాను ముందు. చివర చిన్న అంకెలు చూస్తే అవి సంవత్సరాలు. చొక్కా కుట్టొద్దన్న మరుసటి ఏడాది నుంచి మొదలయ్యాయి. టేపు పెట్టకుండా, నన్ను అడగకుండా, గుమ్మంలో ఒక్క చూపు చూసి, నేను వెళ్ళిపోయాక గీసుకుంది. నా నడుము ఏటేటా బయటికి జరిగింది, ఏడో ఏడు కాగితం చాలక అంచున ఇంకో ముక్క అతికించింది. మొత్తం పదకొండు. పదకొండోది మాత్రం రెండు వేళ్ళ వెడల్పున లోపలికి వచ్చేసింది. అది అక్క జబ్బుపడ్డ ఏడాది. నేను చిక్కానని నాకు తెలియదు, మా ఆవిడ గమనించలేదు, ప్యాంటు వదులైతే బెల్టు ఇంకో రంధ్రం లోపలికి పెట్టుకున్నాను, అంతే. ఆ కాగితాన్ని గదిలో నిలబడి చూసినప్పుడు కూడా ఏమీ అనిపించలేదు. దీన్ని ఏదో ఒకటి చేయాలి అనిపించింది, ఒక పనిలాగా. ఇంకుతో అచ్చు వేస్తే గీతలు గోడ మీద ఉంటాయి, అప్పుడైనా నాకు ఏదైనా అవుతుందేమో చూద్దామనుకున్నాను. ఇంతకాలం ఈ క్లాసుకి వచ్చింది అందుకే.

నాలుగుంబావుకి పళ్ళ డాక్టరు పలక మీద పెన్సిలుతో సంతకం చేశాడు. టీచర్ నవ్వింది. అది రాదు డాక్టరు గారూ, ప్రెస్సుకి కళ్ళుండవు, దానికి పెన్సిలు కనపడదు, గుంట ఉంటే ఇంకు నిలుస్తుంది, లేకపోతే లేదు. పెన్సిలుగీత మీద ఇంకు రుద్దితే గీత నల్లబడి కలిసిపోతుంది, అచ్చులో మాత్రం ఏమీ ఉండదు. డాక్టరు, "అయితే ఇన్నాళ్ళూ నా ప్రిస్క్రిప్షన్లు ప్రెస్సులో వేయకపోవడం మంచిదైంది," అన్నాడు, అందరూ నవ్వారు. నేను పలక వంక చూసుకున్నాను. వార్నిష్ కింద పదకొండు గీతలూ స్పష్టంగా ఉన్నాయి. ఇలాంటి సంగతి మొదటి రోజే ఎవరికైనా తట్టాలి. ముప్ఫై ఏళ్ళు యంత్రాలతో బతికినవాణ్ణి, తలుపు సెన్సరుకి మనిషి కనిపించడు, అడ్డం మాత్రమే కనిపిస్తుంది అని అందరికీ చెప్పేవాణ్ణి. టీచర్ నా దగ్గరికి వచ్చింది. "ఈ గీతలు డిజైన్లో భాగమా సార్?" అవునమ్మా అన్నాను. "అయ్యో, అయితే రావు. మీకు అవి తప్పనిసరిగా కావాలంటే సూదితో చెక్కండి. వార్నిష్ మీంచే, గీత లోతుగా తెగాలి. ఇంకు పూసి తుడవడానికి పది నిమిషాలు పోగా మీకు అరగంట ఉంది. ఐదున్నరకి హాలు వేరేవాళ్ళది." పక్కన పెట్టేసి ఇంటికి తీసుకెళ్ళొచ్చు కూడా అంది, మంచి పిల్ల. ఇంటికి తీసుకెళితే ఏం చేస్తాను, బీరువాలో పెడతాను. బీరువాలో పెట్టినవి నేను ఎప్పుడూ తీసి చూడను, నా సంగతి నాకు తెలుసు. సూది తీసుకున్నాను.

మొదటి గీత మీద సూది ఆనించి చాలాసేపు ఆగాను. ఇది తెగిందంటే అక్క గీసిన గీత ఉండదు, నేను గీసిన గీత ఉంటుంది. పెట్టాను. వార్నిష్ చిట్లిన చప్పుడు అయింది, ఖాకీ కాగితం సన్నగా పైకి లేచింది. అక్క చెయ్యి ఎక్కడ మొదలైందో అక్కడే మొదలుపెట్టి కిందికి లాగాను, నా వేళ్ళు కేబుళ్ళు లాగే వేళ్ళు, మోటుగా పోతాయి, రెండుసార్లు గీత దాటి పోయింది. రెండోది, మూడోది. నాలుగో గీతలో మధ్యలో చిన్న వంకర ఉంది, అక్కడ ఎవరో పిలిచి ఉంటారు, లేదా టీ పొంగి ఉంటుంది. ఆ ఏడాదే నాకు కూతురు పుట్టింది, నిద్రలేక కళ్ళు పీక్కుపోయాయి గానీ పొట్ట తగ్గలేదని అక్క నవ్వింది, అది గుర్తుంది. ఐదోది. వేలికి బొబ్బ వస్తోంది, అది తెలుస్తోంది, కొంచెం ఆలస్యంగానే. ఆరోది పెన్సిలు మొద్దుబారి లావుగా ఉంది. ఏడోది అతికించిన ముక్క మీదికి వెళ్ళింది, అతుకు దగ్గర సూది జారింది. గుమ్మంలో నిలబడి చెప్పులు విప్పుతున్న నన్ను ఏటేటా అక్క ఇలా కిందికి లాక్కుంటూ పోయిందన్నమాట, చంక దగ్గర్నుంచి నడుము దాకా, ఒక్క మాట అనకుండా. ఒక్కసారైనా అడిగి ఉండొచ్చు కదా, చేతులెత్తరా అని. అడిగితే ఎత్తేవాణ్ణా. మా ఆవిడ ముందు, చేతిలో కారు తాళాలతో, ఏంటక్కా ఇప్పుడు అనేవాణ్ణి. ఎనిమిది, తొమ్మిది. పక్కన డాక్టరు చేతులు కడుక్కుంటూ ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు. పదోది చాలా బయట, అంచుకి దగ్గరగా, అంతకంటే లావు నేనెప్పుడూ లేను. గడియారం పది తక్కువ ఐదు. పదకొండో గీత మిగిలింది. లోపలికి ఒంగిన గీత, వణికిన గీత, అంకె సరిగ్గా పడక రెండుసార్లు దిద్దినది. సూది ఆనించాను, తీశాను, మళ్ళీ ఆనించాను. దీన్ని కోయడం నాకు చేతకాలేదు. కారణం గొప్పదేమీ కాదు, చెయ్యి కదల్లేదు, అంతే, బ్రేకు పడ్డ లిఫ్టు లాగా ఆగిపోయింది. టీచర్ వచ్చి, "ఇంకు పూయాలి సార్, టైమైంది," అంది. పోనీ, పది దక్కుతాయి కదా అనుకున్నాను. ఒకటి పోయింది. అన్నీ నేను వెళ్ళిపోయాక గీసినవే, ఈ ఒక్కటి పోవడం మాత్రం నేను ఉండగానే అనుకున్నాను, ఆ ఆలోచనకి అర్థం ఉందో లేదో తెలియలేదు.

ఇంకు పూశాను. గుంటల్లోకి దిగేలా గుండ్రంగా రుద్దాలి, తర్వాత గరుకు గుడ్డతో, తర్వాత మెత్తటి గుడ్డతో, ఆఖరికి అరచేత్తో తుడవాలి. పలక మొత్తం నల్లబడింది, బుడ్డోడు అన్న మాట పోయింది, అంకెలు పోయాయి, పదకొండో గీత అన్నిటికంటే ముందు పోయింది. ఐదింటికి పళ్ళెంలోంచి కాగితం ఎత్తాను, నీళ్ళు కారాయి, రెండు తువ్వాళ్ళ మధ్య అద్దాను, పసిపిల్లని తుడిచినట్టు అద్దండి అంది టీచర్. పలకని ప్రెస్సు మీద పెట్టి, కాగితం పరిచి, పైన రెండు కంబళ్ళు కప్పి, చక్రం పట్టుకున్నాను. చక్రం బరువుగా తిరిగింది, రోలరు కింద అట్ట నలుగుతున్న బరువు భుజాల్లోకి వచ్చింది, ఆగకుండా ఒకే వేగంతో తిప్పాలి, అది మాత్రం నాకు వచ్చు. అవతలికి వచ్చేసింది. కంబళ్ళు తీశాను. కాగితం మూల పట్టుకుని నెమ్మదిగా ఎత్తాను, పలకనుంచి వదులుతుంటే చిన్న చప్పుడు.

పది గీతలు వచ్చాయి. నల్లగా, మోటుగా, నా చేతి గీతలు. గట్టి గుడ్డ అల్లిక వచ్చింది, దారం వచ్చింది, నాలుగో గీతలో వంకర వచ్చింది. పదకొండోది ఉండవలసిన చోట ఖాళీ ఉండాలి. ఖాళీ లేదు. అక్కడ చుక్కలున్నాయి. ఆవగింజల్లో సగం ఉన్న చుక్కలు, ఒకదాని కింద ఒకటి, సమానమైన ఎడంలో, చంక దగ్గర మొదలై లోపలికి ఒంగి నడుము దాకా. నేను చేయలేదు. నా సూది అక్కడ దిగలేదు. కళ్ళజోడు సవరించుకుని పలకకేసి చూశాను, ఇంకు నిండాక ఇప్పుడు కనపడుతున్నాయి, కాగితానికి పడ్డ సన్నటి పోట్లు, ముడతల్లో కలిసిపోయి ఇన్నాళ్ళూ నా కంటికి ఆనలేదు. అప్పుడు ఆ చప్పుడు వినపడింది, ఈ గదిలో కాదు, ఇస్త్రీ బల్ల కింద కూర్చుని హోంవర్కు చేసుకుంటున్న నాకు పైనుంచి వినపడే చప్పుడు, టిక టిక టిక టిక. అక్క దగ్గర చెక్క పిడి ఉన్న చిన్న పళ్ళ చక్రం ఉండేది. గుడ్డ మీద కాగితం పరిచి, గీత వెంట ఆ చక్రం దొర్లిస్తే పళ్ళు కాగితాన్ని పొడుచుకుని కింద గుడ్డ మీద గుర్తు పడుతుంది, ఆ గుర్తు వెంటే కత్తిరించి కుడుతుంది. నన్నొకసారి తిప్పనివ్వమని అడిగితే ఇవ్వలేదు. "గుడ్డ లేకుండా తిప్పకూడదురా, కాగితం పాడవుతుంది. ఇది తిప్పానంటే చొక్కా కుట్టినట్టే," అంది. పది గీతల మీద అది తిరగలేదు. పదకొండో దాని మీద తిరిగింది.

కుట్టింది. జబ్బుతో, వణికే చేత్తో, చిక్కిపోయిన నా ఒంటికి సరిపోయేలా కుట్టింది. ఎలాంటి గుడ్డ, ఏం రంగు, కాలరు ఎలా పెట్టింది. ఎక్కడ పెట్టింది. గది ఖాళీ చేసిన రోజు మిషను వెనక మూడు మూటలున్నాయి, పాత దుప్పట్లలో కట్టి, ముడి వేసి. సాయంత్రానికి తాళాలు ఇచ్చేయాలి. బట్టలు తీసుకెళ్ళి పంచిపెట్టేవాళ్ళ వ్యాను సందు చివర ఆగింది, ఇవి కూడానా అని అడిగారు, కూడానే అన్నాను, నేనే ఒక్కొక్కటీ మోసుకెళ్ళి ఎక్కించాను, మూడోది కొంచెం తేలిగ్గా ఉంది. వ్యాను వెళుతుంటే పని తెమిలిందనిపించింది. ఇప్పుడు చంకల కింద, పక్కటెముకల దగ్గర, ఏదో కొరికినట్టు నొప్పి మొదలైంది. నిజమైన నొప్పి, ఆలస్యం లేకుండా. టీచర్ వచ్చి కాగితం రెండో కొస పట్టుకుంది. ఇద్దరం కలిసి తీగకి క్లిప్పులు పెట్టాం. పళ్ళ డాక్టరు కళ్ళజోడు నుదుటి మీదికి తోసి దగ్గరగా వంగాడు.

"లిఫ్టు గారూ, ఈ చుక్కల గీత ఒక్కటీ భలే వచ్చిందే! దేంతో చేశారు?"

"నేను చేయలేదండీ. మా అక్క నాకు చొక్కా కుట్టింది."

"అలాగా! అయితే వచ్చే వారం వేసుకురండి, చూద్దాం."

"లేదండీ. ఇచ్చేశాను."

"ఎవరికి?"

"తెలీదు," అన్నాను. "మూట విప్పి చూడలేదు."